అమెరికాలో కరివేపాకు మొక్క పసుపెక్కుతోందా? ఎరువు వేసే ముందు ఇవి చూసుకోండి

అమెరికా వచ్చిన మొదటి ఏడాదిలోనే చాలామంది ఇళ్లలోకి ఒక కరివేపాకు మొక్క చేరిపోతుంది. ఊరు మారుతున్నవాళ్లు వదిలేసి వెళ్లిందో, గుడిలో పరిచయమైన ఆంటీ పిలక తీసి ఇచ్చిందో, ఇండియన్ స్టోర్‌లో ధర చూసి కళ్లు తిరిగినా కొనేసిందో. నవంబర్ వచ్చేసరికి ఆకులు పసుపెక్కుతాయి, టెన్షన్ మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టగానే ఒకరు పుల్లమజ్జిగ అంటారు, ఇంకొకరు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) అంటారు, మరొకరు ఐరన్ తక్కువైందంటారు. అన్నీ ఒకే వారంలో పోసేస్తే, ఆకులు పసుపెక్కినా బతకాల్సిన మొక్క కాస్తా చచ్చిపోతుంది. అందుకని ముందు ఒక్క సంగతి చూడండి: పసుపెక్కింది కిందున్న ముదురు ఆకులా, పైనున్న చిగుళ్లా?

దీనికి కారణం ఉంది. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ తక్కువైతే మొక్క వాటిని ముదురు ఆకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది, కాబట్టి కింది ఆకులు ముందు పాడవుతాయి. ఇనుము, జింక్, మాంగనీస్ అలా సులువుగా కదలవు, ఒకసారి ఆకులోకి చేరాక దాదాపు అక్కడే ఉండిపోతాయి, అందుకే అవి చాలకపోతే పైన కొత్తగా వచ్చే ఆకే పాలిపోయి వస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం సలహాలు వాటంతటవే పక్కకు పోతాయి.

అయితే పోషకాల దాకా వెళ్లకముందే తేలిపోయే కేసులే ఎక్కువ. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆకులు పసుపెక్కి, రెమ్మ ముట్టుకుంటే జలజలా రాలిపోతున్నాయంటే చాలాసార్లు అది జబ్బు కాదు, చలికి మొక్క నిద్రపోతోంది. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి వెళ్లడం మొదలవగానే కుండీని లోపలికి తెచ్చి, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. హీటర్ గాలి నేరుగా తగిలే చోట మాత్రం వద్దు. ఆకులన్నీ రాలినా కంగారు పడి పారేయకండి. కాండం మీద గోటితో కొంచెం గీరి చూస్తే లోపల పచ్చగా ఉందా, మొక్క బతికే ఉంది, మార్చి, ఏప్రిల్‌లో చిగురేస్తుంది. ఈ నెలల్లో ఎరువు అసలు వేయొద్దు. వేళ్లు పనిచేయనప్పుడు వేసిన ఎరువు మట్టిలో ఉప్పుగా పేరుకుంటుంది తప్ప మొక్కకు అందదు.

ఇక నీళ్లు. మన దగ్గర మే నెల ఎండలో రోజూ చెంబుడు నీళ్లు పోసిన అలవాటు ఇక్కడి అపార్ట్‌మెంట్‌లో పనికిరాదు. చలికాలంలో కుండీ రెండు వారాలైనా ఆరకపోవచ్చు. పైన మట్టి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది, కాబట్టి వేలు రెండో కణుపు దాకా దించి చూడండి, లేదా కుండీని ఎత్తి బరువు చూడండి. కొన్నాళ్లకు చేతికే తెలిసిపోతుంది. మట్టి చుట్టూ సన్నటి నల్ల దోమల్లాంటివి లేస్తుంటే తడి ఎక్కువైందని అర్థం. ఇంకా అనుమానంగా ఉంటే మొక్కను కుండీలోంచి మెల్లగా జార్చి వేళ్లు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే సరే, గోధుమ రంగులో మెత్తబడి, మురుగు వాసన వస్తుంటే వేరుకుళ్లు. కుళ్లిన వేళ్లు కత్తిరించేసి కొత్త మట్టిలో పెట్టడమే దారి. అందం కోసం పెట్టిన పైకుండీ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయేమో కూడా చూడండి, ఇది ఎవరికీ తట్టదు.

మట్టి కొనేటప్పుడు సంచి మీద పేరు చదవండి. గార్డెన్ సాయిల్ అని ఉన్నది నేలలో కలపడానికి, కుండీలో పోస్తే గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. పాటింగ్ మిక్స్ తీసుకోండి, అందులో పావు వంతు పెర్‌లైట్ (నీరు త్వరగా దిగేలా చేసే తేలికైన తెల్ల గుళికలు) కలపండి. మాయిశ్చర్ కంట్రోల్ అని రాసినవి నీటిని పట్టి ఉంచుతాయి, కరివేపాకుకు వద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎండాకాలంలో కూడా పసుపు పోకపోతే అప్పుడు పోషకాల సంగతి. కింది ఆకులు ఈనెలతో సహా మొత్తం ఒకేలా పాలిపోయి, మొక్క ఎదుగు బొదుగు లేకుండా ఉంటే నత్రజని లోపం. డబ్బా మీద 24-8-16 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది నత్రజని శాతం, రెండోది ఫాస్ఫేట్, మూడోది పొటాష్. కరివేపాకు అంటే ఆకు కోసమే కదా, మొదటి అంకె పెద్దగా ఉన్నది తీసుకుని, లేబుల్ చెప్పిన మోతాదులో సగం వేయండి, అదీ ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకే. ముదురు ఆకులో ఈనెకూ ఈనెకూ మధ్య పసుపెక్కి, తొడిమ దగ్గర మాత్రం ఆకుపచ్చ మిగిలితే మెగ్నీషియం అనుకోవచ్చు. గ్యాలన్ నీటికి ఒక టీస్పూన్ ఎప్సమ్ సాల్ట్ సరిపోతుంది. మెగ్నీషియం లోపం లేని మొక్కకు పోస్తే ఒరిగేదేమీ లేదు. ఆకు అంచులు మాడినట్టుంటే పొటాష్ లోపం కావచ్చు, కానీ కుండీ అంచున తెల్లటి పొర కూడా కనిపిస్తుంటే అది ఎరువు ఉప్పు ఎక్కువైన గుర్తు. కుండీని బాత్‌టబ్‌లో పెట్టి, అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి కడిగేయండి.

చిగుళ్లు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వల వేసినట్టు కనిపిస్తున్నాయా, అది ఇనుము లోపం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మట్టిలో ఇనుము లేక కాదు, ఉన్నా మొక్క తీసుకోలేకపోతోంది. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్లలో కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. నెలల తరబడి అవే పోస్తే మట్టి క్షారంగా మారి ఇనుమును కట్టేస్తుంది. చలికి చల్లబడిన మట్టిలోనూ ఇదే లక్షణం వస్తుంది, అది ఎండ రాగానే దానంతట అదే పోతుంది. మన రైతులు వేరుశనగలో ఇదే లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. క్షారం ఎక్కువైన కుండీ మట్టిలో అన్నభేది వేస్తే మాత్రం త్వరగా పనికిరాకుండా పోతుంది. ఐరన్ కిలేట్ (మొక్క తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) కొనండి, అందులోనూ ఈడీడీహెచ్ఏ రకం, అది క్షార నేలలో కూడా పనిచేస్తుంది. ఎర్రటి మరక పడుతుంది, కార్పెట్ మీద పోసుకుంటే డిపాజిట్ గోవిందా. దానితో పాటు నీళ్లు మార్చాలి: వాన నీళ్లు పట్టి పోయండి, లేదా రోడ్ల మీద చల్లే ఉప్పు తగలని చోటి మంచును బకెట్‌లో కరిగించి, గది వేడికి వచ్చాక పోయండి. ఇంట్లో నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం ఉంటే ఆ నీళ్లు అస్సలు వద్దు, అందులో సోడియం ఉంటుంది.

పుల్లమజ్జిగ సంగతి అడుగుతారని తెలుసు. పెరట్లో చెట్టుకు పోస్తే మంచిదే, పులుపు ఉంటుంది, కొంచెం నత్రజని ఉంటుంది. మూసి ఉన్న అపార్ట్‌మెంట్‌లో కుండీకి పోస్తే మాత్రం ముందు వాసన వస్తుంది, తర్వాత దోమలు వస్తాయి, ఆ తర్వాత పక్క ఫ్లాట్‌వాళ్లు వస్తారు. బయట పెట్టిన రోజుల్లో, బాగా పలచగా చేసి పోసుకోండి.

ఆకు మీద సన్నటి చుక్కలు చుక్కలుగా పసుపు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. సాలెగూడు లాంటి సన్నటి దారాలు, కదిలే చుక్కలు ఉంటే నల్లి (స్పైడర్ మైట్స్); హీటర్ పొడి గాలికి వస్తుంది. కాండం మీద గోధుమ రంగు బుడిపెలు, ఆకులు జిగురుగా ఉంటే పొలుసు పురుగు. షవర్ కింద కడగడం, వేపనూనె పిచికారీ సరిపోతాయి. ఇండోర్ మొక్కలకని అమ్మే సిస్టమిక్ గుళికలు మాత్రం వాడకండి, ఆ మందు ఆకులోకే ఎక్కుతుంది, అది మీ పోపులోకి వస్తుంది.

ఇంకొకటి, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పనిది. కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబానికి చెందిన మొక్క. ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే పురుగుకు దీని చిగుళ్లంటే ఇష్టం. ఆ పురుగు మోసే సిట్రస్ గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటల్ని కుదేలు చేసింది. అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లోని క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఈ మొక్కను బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. కాలిఫోర్నియాలోని బే ఏరియా నుంచి సియాటిల్‌కు ఇల్లు మారుతూ కారు వెనక సీట్లో కుండీ పెట్టుకోకండి, వెళ్లేముందు ఎవరికైనా ఇచ్చేయండి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో సర్దిన పచ్చి కరివేపాకుకూ ఇదే గొడవ, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, డిక్లేర్ చేయకపోతే జరిమానా కూడా పడొచ్చు.

ఇంత చూసినా అర్థం కాకపోతే గ్రూపులో అడిగేకన్నా మొక్కలు, వ్యవసాయం మీద సలహాలిచ్చే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసును అడగండి. 1914 నాటి చట్టంతో మొదలైన వ్యవస్థ ఇది, రాష్ట్ర యూనివర్సిటీలు నడుపుతాయి. చాలా కౌంటీల్లో మాస్టర్ గార్డెనర్లనే వాలంటీర్లు ఉచితంగా చెబుతారు. కరివేపాకు తెలియదంటే సిట్రస్ లాంటిదని చెప్పండి చాలు. పై ఆకు ఒకటి, కింది ఆకు ఒకటి దగ్గరగా తీసిన ఫొటోలు, కుండీ అడుగు ఫొటో, ఎన్నాళ్లకొకసారి నీళ్లు పోస్తున్నారో, ఏ ఎరువు ఎప్పుడు వేశారో రాసి పంపండి.