కలంకారీ బొమ్మకి అద్దం వేయించే ముందే ఫోటో తీయండి

బొమ్మ పూర్తయిందని ఫ్రేము షాపుకి పరిగెత్తకండి. నేను అలాగే వెళ్లి అద్దం వేయించుకొచ్చి ఫోటో తీస్తే, పార్వతీదేవి ముఖం మీద మా ట్యూబ్‌లైటు, దాని కింద ఫోన్ పట్టుకుని నేను. ముందు ఫోటో, ఆ తర్వాతే ఫ్రేము.

ఇదంతా శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీసిన గుడ్డ గురించి. చివరిసారి ఉతికాక పూర్తిగా ఆరనివ్వండి, కాస్త తడి మిగిలినా అద్దం వెనక బూజు పడుతుంది. ఇస్త్రీ వెనకవైపు నుంచే, పైన పల్చటి నూలుగుడ్డ వేసి.

ఫోటోకి తిరుపతి ఎండ పనికిరాదు, ఫ్లాష్ అసలే వద్దు. నేను పొద్దున వరండా నీడలో ఇంట్లో లైట్లన్నీ ఆపేసి తీస్తాను. అయినా మొదట్లో బొమ్మ కింది అంచు పసుపంతా నారింజలా వచ్చేది, ఎందుకో అర్థం కాలేదు, తీరా చూస్తే మా ఎర్రగచ్చు రంగు దాని మీద పడుతోంది! నేల మీద తెల్ల దుప్పటి పరిచాక సరిపోయింది. గుడ్డని అట్టకి క్లిప్పులతో చదునుగా పెట్టి, ఫోన్‌ని సరిగ్గా బొమ్మ మధ్య ఎత్తులో ఉంచి, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి, మరీ దగ్గర నుంచి తీస్తే అంచులు వంగుతాయి. గ్రిడ్ గీతలు, 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి. పక్కన తెల్లకాగితం పెట్టి ఒక ఫోటో తీసుకుంటే తర్వాత రంగులు దాన్ని చూసి సరిచేసుకోవచ్చు.

ఇక ఫ్రేము. గమ్ము వద్దని షాపులో గట్టిగా చెప్పండి. ఒకచోట నన్ను అడక్కుండానే వెనకంతా పూసి అతికించేశారు, కార్తీకం ముసురు వెళ్లేసరికి గుడ్డ ఉబ్బులు తేలింది, ఊడదీద్దామంటే చిరిగేలా ఉంది. యాసిడ్ ఫ్రీ అట్టకి నూలుగుడ్డ చుట్టి, దానికి బొమ్మ అంచుల్ని దారంతో కుట్టడమే మేలు. కుట్టేటప్పుడు లాగి బిగించకండి: బొమ్మలో నల్ల గీతలకి వాడే కసిమి నలుపు ఇనుమూ కరక్కాయా కలిస్తే పుట్టేది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీతల దగ్గరే గుడ్డ బలం తగ్గుతుంది. అద్దం గుడ్డకి ఆనకుండా లోపల సన్నటి పట్టీ వేయించండి, డబ్బులు కాస్త ఎక్కువైనా సరే. ఎండ పడే గోడకి మాత్రం తగిలించొద్దు.

సంతకం సంగతి మర్చిపోయాను. అంచుకి కనీసం రెండంగుళాలు లోపల పెట్టండి, నాది రెండు బొమ్మల్లో మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు) కిందికి పోయింది.