చలి ముదిరేలోగా కోళ్ల గూటి దగ్గర చూసుకోవలసిన జాగ్రత్తలు

పొద్దు త్వరగా కుంకుతున్నందున గూటి తలుపు మూసే వేళను వారం వారం ముందుకు జరపాలి. ఒక్క సాయంత్రం ఆలస్యమైనా వేటజంతువుల వాత పడి తెల్లవారేసరికి ఒక్క కోడీ మిగలకపోవచ్చు.

పలుచని కోళ్ల వల కోళ్లను లోపల ఉంచుతుందే గాని వేటజంతువును ఆపదు కనుక, సుమారు 12 మిల్లీమీటర్ల కన్నాలున్న గట్టి ఇనుప జాలిని బిగించాలి.

చలి పుడుతుందని పైభాగంలోని గాలిరంధ్రాలను మూయకూడదు, ఎందుకంటే రెట్టల నుంచి లేచే అమోనియా, ఊపిరిలోని తేమ లోపలే నిలిచి, శ్వాస జబ్బులకూ, గడ్డకట్టే చలిలో కోడిజుట్టు దెబ్బతినడానికీ కారణమవుతాయి. చాలామంది ప్రేమతో చేసే తప్పు ఇదే.

ఈకలో అధికభాగం మాంసకృత్తులే కాబట్టి, పాత ఈకలు రాల్చే వారాలలో దాణాలో మాంసకృత్తులను 16 నుంచి 18–20 శాతానికి పెంచాలి. అప్పుడు గుడ్లు తగ్గడం జబ్బు కాదు.

బూజు విషం ప్రాణాంతకం కనుక తడిసిన దాణాను ఆరబెట్టి వాడకూడదు.