మన కంప్యూటర్ మనమే బిగిద్దాం - 6వ పాఠం: బటన్ నొక్కినా స్టార్ట్ కాకపోతే

గత పాఠంలో అన్నీ బిగించాక కూడా క్యాబినెట్ పక్క తలుపు మూయవద్దని చెప్పాను. దాని అవసరం ఇప్పుడు వచ్చింది. కొత్తగా బిగించిన కంప్యూటర్ మొదటి నొక్కుకే లేవకపోవడం చాలా మామూలు. చాలాసార్లు ఏ పార్టూ పాడై ఉండదు. ఏదో ఒక కేబుల్ సగమే దిగి ఉంటుంది, లేదా ఒకటి పెట్టడమే మరిచిపోయి ఉంటాం. టెన్షన్‌తో మదర్‌బోర్డును రిటర్న్ పెట్టేయకండి. ఒక్కో పార్టూ మార్చి చూడటం ఇంకా తొందర పని. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: బటన్ నొక్కాక మెషీన్ ఎంతదూరం వెళ్లి ఆగింది?

అది తెలియాలంటే లోపల ఏది తర్వాత ఏది జరుగుతుందో తెలియాలి. వెనక స్విచ్ వేయగానే, ఇంకా బటన్ నొక్కకముందే, ఎస్‌ఎమ్‌పీఎస్ (అన్ని పార్టులకూ కరెంటు ఇచ్చే డబ్బా) మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూ ఉంటుంది. మీరు బటన్ నొక్కినప్పుడు బోర్డు 24 పిన్నుల కనెక్టర్‌లోని ఒక పిన్నును గ్రౌండ్‌కు కలుపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు వస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని తేలాక, అర సెకను లోపే, ఎస్‌ఎమ్‌పీఎస్ బోర్డుకు 'పవర్ గుడ్' సంకేతం పంపుతుంది. అది అందాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. బయోస్‌ను (బోర్డు చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రామును) చదువుతుంది, ర్యామ్‌ను చూసుకుంటుంది, గ్రాఫిక్స్‌ను లేపుతుంది, చివరగా డిస్క్‌ కోసం వెతుకుతుంది. ఇక మిగతా పాఠమంతా ఈ వరుసను పట్టుకుని నడవడమే.

ఏ చలనమూ లేకపోతే

ఫ్యాన్ కదలదు, లైటు వెలగదు. గోడ సాకెట్‌లో వేరే ఏదైనా పెట్టి కరెంటు ఉందో లేదో చూడండి. ఎస్‌ఎమ్‌పీఎస్ వెనక స్విచ్ 'ఓ' వైపు కాకుండా నిలువు గీత వైపు ఉండాలి. నవ్వుకోకండి, అనుభవమున్నవాళ్లు కూడా ముందు అదే చూస్తారు. 24 పిన్నుల కనెక్టర్ గట్టిగా ఉంటుంది. బోర్డు వంగిపోతుందేమోనన్న భయంతో చాలామంది సగంలోనే వదిలేస్తారు. దాని క్లిప్ కొక్కెం మీద పడి టక్కుమనాలి.

ఇప్పుడు బోర్డు మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతోందా? వెలుగుతుంటే స్టాండ్‌బై కరెంటు వస్తున్నట్టే. అప్పుడు అనుమానం ఎస్‌ఎమ్‌పీఎస్ మీద కంటే బటన్ వైరు మీదే ఎక్కువ పెట్టుకోవాలి. క్యాబినెట్ ముందు నుంచి వచ్చే సన్నటి వైర్లలో 'పవర్ స్విచ్' అని రాసి ఉన్న రెండు పిన్నుల కనెక్టర్ సరైన చోట ఉందో లేదో మాన్యువల్‌లోని బొమ్మ చూసి సరిచూడండి. దీన్ని తిప్పి పెట్టినా పని చేస్తుంది. లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ ఉంటాయి. బటనే చెడిపోయిందని అనుమానముంటే ఆ కనెక్టర్ తీసేసి, ఆ రెండు పిన్నులనే స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. మెషీన్ లేచిందంటే తప్పు బటన్‌దే.

లైటు కూడా లేకపోతే అప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్‌ను అనుమానించవచ్చు. మరో మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌తో చూడటమే తేలికైన పరీక్ష. అలా మార్చేటప్పుడు పాత కేబుళ్లను కొత్తదానికి తగిలించకండి. ఊడదీసే కేబుళ్లున్న మోడళ్లలో కొస ఒకేలా కనిపించినా లోపలి వైర్ల వరుస కంపెనీని బట్టి మారిపోతుంది, పార్టులు కాలిపోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జ్ ఉండిపోవచ్చు.

లేచి, వెంటనే పడిపోతే

ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్‌ఎమ్‌పీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. ముందుగా బోర్డు కింద చూడండి. స్క్రూ రంధ్రం లేని చోట స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తి పట్టే చిన్న మెటల్ కాలు) మిగిలిపోతే అది బోర్డు అడుగును తాకుతుంది. కింద జారిపడిన స్క్రూ ఉన్నా అంతే. కాసేపు నడిచి ఆరిపోతుంటే కూలర్‌ను చూడండి. దాని అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేసి ఉండవచ్చు.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి మనమూ ఇక్కడే ఎక్కువసేపు ఉందాం.

ముందు మానిటర్ కేబుల్. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్‌ను దానికే పెట్టాలి, బోర్డుకు కాదు. కార్డు లేకపోతే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటికి ఉండదు. ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ 5 5600ఎక్స్ లాంటివాటికీ ఉండదు. అలాంటి ప్రాసెసర్‌తో బోర్డు హెచ్‌డీఎమ్‌ఐకి ఎంతసేపు కేబుల్ పెట్టి ఉంచినా బొమ్మ రాదు.

తర్వాత ప్రాసెసర్ పవర్. బోర్డు పైమూలలో ఉండే 8 పిన్నుల సాకెట్ ఇది. 24 పిన్నులది పెట్టాం కదా, చాలులే అనుకుంటే ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కూడా 8 పిన్నులదే కాబట్టి ఇక్కడ తికమక పడతాం. ప్రాసెసర్ కేబుల్ సాధారణంగా నాలుగు, నాలుగుగా విడిపోతుంది, కార్డు కేబుల్ ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చవద్దు. రెంటిలో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి.

ఇక ర్యామ్. రెండు స్టిక్కులుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. రెండు చివర్లూ దిగాలి. పాత ర్యామ్‌ను రబ్బరుతో రుద్దినట్టు కొత్తదాన్ని కూడా రుద్దేవాళ్లున్నారు, కొత్తదానికి ఆ అవసరమేమీ లేదు. డీడీఆర్5 రకం ర్యామ్ అయితే ఇంకో సంగతి ఉంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌కు తగ్గట్టు తనను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు తనంతట తానే రీస్టార్ట్ కావచ్చు కూడా. ఓ పావుగంట దాన్ని ముట్టుకోకండి. గాభరాపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఈమధ్య బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్, ర్యామ్, వీడియో, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆగిపోయిందో పని అక్కడ నిలిచిపోయినట్టు. లైట్లు లేని బోర్డయితే చిన్న బజర్ స్పీకర్ ఒకటి తగిలించండి. నా మట్టుకు నాకు ఏ టెస్టర్ కన్నా అదే ఎక్కువ ఉపయోగం. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బోర్డు బీప్‌లతో గోల పెడితే ప్రాసెసర్, బోర్డు, బయోస్ మూడూ బతికే ఉన్నాయని అర్థం, మీ అనుమానం ఇక ర్యామ్, గ్రాఫిక్స్ దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు ఒక్కో స్టిక్కునూ విడిగా పెట్టి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు. మార్చే ప్రతిసారీ వెనక స్విచ్ ఆపి, బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు పోనివ్వండి.

అదే ప్రాసెసర్ లైటు దగ్గరే ఆగితే, లేదా ర్యామ్ తీసినా ఒక్క బీప్ కూడా రాకపోతే, బోర్డు బయోస్ పాతదేమో చూడండి. ఉదాహరణకు పాత బయోస్ ఉన్న బీ450 బోర్డు రైజెన్ 5000 ప్రాసెసర్లను గుర్తుపట్టదు. వెనక 'బయోస్ ఫ్లాష్' బటన్ ఉన్న బోర్డయితే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయవచ్చు. సాకెట్‌లో వంగిన పిన్నులున్నాయేమో ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి, ఒకే వరుసలో మెరవాల్సిన చోట ఒకటి తేడాగా మెరుస్తుంది. ఇంకా తేలకపోతే బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి (అది వచ్చిన కవర్ మీద వద్దు, దానికి కొద్దిగా కరెంటు ప్రసరించే గుణం ఉంటుంది). ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, ఇవే ఉంచి స్క్రూడ్రైవర్‌తో లేపండి. లేచిందంటే తప్పు క్యాబినెట్‌లో ఉంది. లేవకపోతే మిగిలిన అనుమానితులు ముగ్గురో నలుగురో, వాళ్లను మార్చి చూసే సమయం ఇప్పుడు వచ్చింది.

బూట్ లైటు దగ్గర ఆగి, బయోస్ తెర కనిపించి, బూట్ డివైస్ లేదని రాస్తే మాత్రం సంతోషించండి. కొత్త డిస్క్‌లో ఇంకా ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, అంతే. బయోస్‌లో మీ డిస్క్ పేరు, ర్యామ్ మొత్తం సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూసి రాసిపెట్టుకోండి. 7వ పాఠంలో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తాం, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి.