బైపోలార్‌కు ఓసీడీ తోడైన రోగికి పరిచర్య

ఉత్సాహం హద్దు మీరే ఉన్మాద దశ, కుంగుబాటు దశ మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతతో పాటు, వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే ఓసీడీ లక్షణాలున్న రోగి విషయంలో నర్సు మొదట గమనించవలసింది నిద్ర. రెండు మూడు రాత్రులు నిద్ర తగ్గినా అలసట లేకపోతే, మాట వేగం పెరిగితే, ఉన్మాద దశ మొదలవుతోందేమోనని వైద్యుడికి వెంటనే తెలియజేయాలి. ఓసీడీకి ఇచ్చే యాంటీడిప్రెసెంట్ (కుంగుబాటు తగ్గించే) మందులే కొందరిలో ఉన్మాద దశను రేపుతాయి.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు వాడేవారికి కోనసీమ వేసవి నిజమైన ప్రమాదం. ఉక్కపోతకు చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది కాబట్టి, మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గరుండి తాగించాలి. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా కొని వేయకూడదు, అవీ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. లిథియం పరీక్షకు రక్తనమూనాను చివరి మోతాదు వేసిన 12 గంటలకు తీయాలి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. వాంతులు, విరేచనాలు, చేతుల్లో పెద్ద వణుకు, తూలుడు, మాట తడబాటు కనిపిస్తే తరువాతి మోతాదు వేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వేళ్ల సందుల్లో చర్మం పగిలి మండుతున్నా ఓసీడీ వల్ల చేతులు కడుక్కోవడానికి మళ్లీ బోరింగు కొడుతున్న మనిషిని చేయి పట్టి లాగరాదు. ఇంట్లో పెద్దలు దీన్ని మడి అని మెచ్చుకోవడమో, చాదస్తమని కసరడమో చేస్తుంటారు. నా దృష్టిలో రెండూ హాని చేసేవే. మడి కట్టుకున్నవారికి స్నానంతో తృప్తి కలుగుతుంది, ఈ రోగికి ఎన్నిసార్లు కడిగినా కలగదు. చేతులు తుడిచి కొబ్బరినూనె రాస్తూ, తరువాతి కడుగుడును ఐదు నిమిషాలు వాయిదా వేయగలరేమో మెల్లగా అడగాలి. ఉన్మాద దశలో మాత్రం ఈ సాధన పెట్టుకోకూడదు.

కుంగుబాటు దశలో చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగానే అడగాలి. వరిచేను ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలకు తాళం వేయించి, తాళంచెవిని మరొకరి దగ్గర ఉంచాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను ఇంట్లో అందరికీ కనబడే చోట రాసి పెట్టాలి.