ప్రాక్టికల్ పరీక్షకు ప్లాన్ – 3వ భాగం: ఏ కొలత కొంప ముంచుతుందో ముందే కనిపెట్టడం

పోయిన భాగంలో దేన్ని మారుస్తాం, దేన్ని కొలుస్తాం, వేటిని మార్చకుండా ఉంచుతాం అనే మూడు ప్రశ్నల దగ్గర ఆపాం. లఘులోలకానికి, అంటే దారానికి కట్టి ఊగించే గోళానికి, మీ జవాబులు రాసిపెట్టుకునే ఉంటారు: పొడవు మారుస్తాం, డోలనాలకు (ఒకసారి అటూ ఇటూ ఊగి వస్తే ఒక డోలనం) పట్టే కాలం కొలుస్తాం, గోళాన్నీ కంపన పరిమితినీ (ఎంత పక్కకు ఊగుతుందో దాన్ని) మార్చం. చాలామంది ఇంతవరకు రాసేసి నేరుగా స్టాండు దగ్గరికి వెళ్లి దారం కట్టడం మొదలుపెడతారు. ఆగండి, కాగితం మీద ఇంకో పది నిమిషాల పని ఉంది. రీడింగులు బాగా వచ్చేదీ రానిదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. మీ జవాబును అన్నిటికంటే ఎక్కువ పాడుచేసే కొలత ఏదో పరికరం ముట్టుకోకముందే లెక్కేసి పట్టుకోవడం.

లోలకంతో జి (గురుత్వ త్వరణం) విలువ కట్టాలంటే పొడవును నాలుగు పై స్క్వేర్‌తో, అంటే సుమారు 39.5తో గుణించి, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం) వర్గంతో భాగిస్తాం. ఇక్కడ పొడవు మామూలుగా ఉంది, కాలానికి మాత్రం వర్గం ఉంది. వర్గం ఉన్నచోట శాతం దోషం రెట్టింపవుతుంది, ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే. ఇప్పుడు అంకెలు వేద్దాం. పొడవు 100 సెం.మీ., స్కేలు మీద 1 మి.మీ. అటూ ఇటూ అనుకుంటే దోషం 0.1 శాతం. కాలం సంగతి వేరు. స్టాప్ వాచ్ 0.01 సెకను వరకు చూపిస్తుంది కదా అని దాన్నే దోషంగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ బటన్ నొక్కేది మన వేలు, దాంట్లో 0.2 సెకను దాకా తేడా రావడం మామూలే. 100 సెం.మీ. లోలకానికి ఒక డోలనం సుమారు 2 సెకన్లు, కాబట్టి ఒక్క డోలనమే కొలిస్తే కాలంలో 10 శాతం, జిలో 20 శాతం దోషం. అదే 20 డోలనాలకు కలిపి కొలిస్తే 40 సెకన్లలో 0.2 సెకను, అంటే 0.5 శాతం, జిలో 1 శాతం.

కాలం వల్ల 1 శాతం, పొడవు వల్ల 0.1 శాతం. మీ శ్రమంతా ఎటు పెట్టాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. దారం పొడవు సరిగ్గా 100.0 రావాలని దారాన్ని పట్టి ఉంచే బిరడాలో దాన్ని లాగుతూ పది నిమిషాలు పోగొట్టుకోవద్దు. 99.6 వస్తే 99.6 అనే రాసుకుని ముందుకు పోండి.

20 డోలనాలు అనే అంకెను కూడా పట్టుకుని వేలాడకండి. పొడవు 40 సెం.మీ.కి తగ్గిస్తే ఒక డోలనం 1.27 సెకన్లే, 20కి కలిపి 25 సెకన్లే వస్తాయి, దోషం మళ్లీ పెరుగుతుంది. అందుకే డోలనాల సంఖ్యను కాకుండా మొత్తం సమయాన్ని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చేయండి: ప్రతి పొడవు దగ్గరా కనీసం 40 సెకన్లు ఉండాలి అనుకుంటే 40 సెం.మీ. దగ్గర 32 డోలనాలు లెక్కపెడతారు, 120 సెం.మీ. దగ్గర 20 సరిపోతాయి. పట్టికలో డోలనాల సంఖ్యకు ఒక వరుస విడిగా పెట్టుకోండి, లేకపోతే దేన్ని దేనితో భాగించాలో చివర్లో గందరగోళమవుతుంది.

ఇక లెక్కపెట్టడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీనివల్ల వచ్చే తప్పు పైన 20 డోలనాలకు లెక్కేసిన దోషాలకంటే చాలా పెద్దది. బటన్ నొక్కేటప్పుడు "ఒకటి" అని మొదలుపెడితే, "ఇరవై" అనేసరికి అయినవి 19 డోలనాలే. మీరేమో 20తో భాగిస్తారు. కాలం 5 శాతం తగ్గుతుంది, జి విలువ 9.8 రావాల్సింది 10.9 దగ్గరికి పోతుంది. కాబట్టి నొక్కేటప్పుడు "సున్నా" అనండి. పరీక్షలో జి 10.9 దగ్గర వచ్చిందంటే టెన్షన్ పడి అంకెలు దిద్దకండి, ముందు సున్నాతో మొదలుపెట్టారో లేదో గుర్తుచేసుకోండి.

బటన్ ఎక్కడ నొక్కాలన్నదీ ప్లాన్‌లోనే రాయండి. గోళం చివరికి వెళ్లి ఆగే చోట నొక్కితే సుఖమనిపిస్తుంది, కానీ అక్కడ అది చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి సరిగ్గా ఏ క్షణంలో ఆగిందో కంటికి తెలియదు. మధ్యలో, దాని వేగం ఎక్కువగా ఉండే చోట, వెనకాల కాగితం మీద ఒక నిలువు గీత గీసి పెట్టి, గోళం ఒకే వైపు నుంచి ఆ గీతను దాటినప్పుడల్లా లెక్కపెట్టండి. ఊపు మాత్రం చిన్నదిగా ఉండాలి. 10 డిగ్రీల లోపు అయితే ఆవర్తన కాలం 0.2 శాతం కూడా పెరగదు, 30 డిగ్రీలు లాగి వదిలితే 1.7 శాతం పెరుగుతుంది.

పొడవుల ఎంపికకు వద్దాం. 90, 95, 100, 105, 110 అని దగ్గర దగ్గరగా తీసుకుంటే గ్రాఫ్ మీద చుక్కలన్నీ ఒకచోట గుంపుగా పడతాయి, వాటి మీదుగా గీత ఎటు వంచి గీసినా కుదిరినట్టే ఉంటుంది. 40 నుంచి 120 వరకు ఆరు పొడవులు తీసుకోండి, ముందు 40, 120 రెండూ కొలిచేసి తర్వాత మధ్యవి నింపండి. సమయం చాలక ఒకటి రెండు వదిలేయాల్సి వచ్చినా అప్పుడు గ్రాఫ్‌కు నష్టం ఉండదు. సమయం చాలుతుందా అన్నది కూడా ముందే చూసుకోవచ్చు: ఆరు పొడవులు, ఒక్కోదానికి రెండు ట్రయల్స్, ఒక్కో ట్రయల్ 40 సెకన్లు అంటే ఊగే సమయం మొత్తం ఎనిమిది నిమిషాలే, పొడవు మార్చడానికి తలా రెండు నిమిషాలు వేసుకున్నా మొత్తం 20 నిమిషాలు.

రెండు ట్రయల్స్ ఎంతవరకు కలవాలి? 100 సెం.మీ. దగ్గర 40.1, 40.3 వస్తే అది వేలి తేడా, వదిలేయండి. 40.1, 42.2 వస్తే అది వేలి తేడా కాదు, తేడా దాదాపు ఒక డోలనమంత ఉంది చూడండి, అంటే లెక్కలో ఒకటి తప్పారు. మూడోసారి కొలవండి. సగటు తీసి సర్దుకోవద్దు. తప్పు రీడింగును చెరిపేయకుండా కొట్టేసి పక్కన కారణం రాస్తే చూసేవాళ్లకు మీరు ఆలోచించి పనిచేశారని తెలుస్తుంది.

గోళం వ్యాసార్ధం మరిచిపోతే ఏమవుతుందని అడగొచ్చు. పొడవును గోళం మధ్య వరకు కాకుండా కొక్కెం వరకే కొలిచి, ఒక్క రీడింగుతో జి కడితే, 1 సెం.మీ. తక్కువ కొలిచినందుకు 1 శాతం తప్పు వస్తుంది. అదే పొడవుకూ కాలం వర్గానికీ గ్రాఫ్ గీసి వాలు తీస్తే ఆ తప్పు జిలోకి రాదు, ఎందుకంటే ప్రతి పొడవులోనూ తగ్గింది ఒకే 1 సెం.మీ., గీత మొత్తం పక్కకు జరుగుతుంది తప్ప వాలు మారదు. అప్పుడు గీత మూలబిందువు గుండా పోదు, దాన్ని బలవంతంగా మూలబిందువుకు కలపకండి. వాలు మీటరుకు సుమారు 4.03 సెకను స్క్వేర్ రావాలి.

ఇదే పద్ధతి తీగ విశిష్ట నిరోధానికి (తీగ పదార్థం కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువకు) వేసి చూడండి. అక్కడ వర్గం వ్యాసానికి ఉంటుంది. 0.40 మి.మీ. తీగను 0.01 మి.మీ. కనీసపు కొలత ఉన్న స్క్రూగేజితో కొలిస్తే 2.5 శాతం, రెట్టింపైతే 5. అర మీటరు తీగ పొడవులో 1 మి.మీ. తేడా అంటే 0.2 శాతమే. కాబట్టి పొడవు ఒక్కసారి కొలిస్తే చాలు, వ్యాసాన్ని మాత్రం ముందు శూన్యాంశ దోషం (ఏమీ పెట్టకుండా మూసినప్పుడు స్క్రూగేజి సున్నా చూపిస్తుందో లేదో) చూసుకుని, తీగ వెంట వేర్వేరు చోట్ల, ప్రతి చోటా అడ్డంగా ఒకసారి, దానికి లంబంగా ఒకసారి కొలవాలి.

అభ్యాసం: స్ప్రింగుకు బరువులు వేలాడదీసి, డోలనాల కాలంతో దాని బల స్థిరాంకం (స్ప్రింగు ఎంత బిగువుగా ఉందో చెప్పే విలువ) కనుక్కోవాలి. 100 గ్రాముల బిళ్లలు ఐదు, స్టాప్ వాచ్, స్కేలు ఇచ్చారు. ఏ కొలతలో దోషం రెట్టింపవుతుంది, ఎన్ని డోలనాలు లెక్కపెడతారు, ఏ రెండు ద్రవ్యరాశులు ముందు కొలుస్తారు, ఈ మూడూ అర పేజీలో రాయండి. కాలం వర్గానికీ ద్రవ్యరాశికీ గ్రాఫ్ గీస్తే ఇక్కడా గీత మూలబిందువు గుండా పోదు. ఎందుకో కూడా ఒక వాక్యం రాసి ఉంచుకోండి, 4వ భాగం అక్కడి నుంచే మొదలవుతుంది.