చిత్త కార్తె రాకముందే: వరంగల్ల కుక్కకు, పిల్లికి తక్కువ పైసలల్ల పిల్లలు కాకుండ ఆపరేషన్ ఎట్ల చేయించాలె

చిత్త కార్తె వచ్చిందంటే మా గల్లీల రాత్రిళ్లు ఎవ్వరికీ నిద్ర ఉండదు, ఒక్క ఆడకుక్క ఎనక ఎనిమిది మగకుక్కలు, బండి మీద పోతుంటే అడ్డం పడుడు, ఆ లొల్లి అయిపోయినంక 63 రోజులు లెక్కపెట్టుకుంటే సంక్రాంతికి ముందుగాలనే మోరీ పక్కన ఆరేడు కూనలు. అప్పుడు యాదికొస్తది అందరికీ. "గవర్నమెంటు పైసలు ఇస్తదట కదా, ఏడ అప్లై చెయ్యాలె" అని నన్ను అడుగుతరు, ఎందుకంటే మా ఇంట్ల కుక్కకు, రెండు పిల్లులకు, గల్లీల అయిదు కుక్కలకు నేనే తిరిగి ఆపరేషన్ చేయించిన.

ముందుగాల్నే చెప్తున్న, మీ అకౌంట్ల పైసలు పడవు. కేంద్రంల భారత జంతు సంక్షేమ బోర్డు అని ఒకటి ఉంది, వాళ్ల స్కీము కింద ఒక్కో కుక్కకు 800, ఒక్కో పిల్లికి 600 రూపాయలు ఇస్తరు, కానీ అవి పోయేది మున్సిపాలిటీల అసొంటి స్థానిక సంస్థలకు, జంతు సంక్షేమ సంస్థలకు. అందుకే "గ్రాంటు కావాలె" అని తిరగకుండ్రి, పైసలు ఏడికొచ్చి ఆగినయో ఆడికి మన జీవాన్ని తోలుకపోవాలె, "ఆపరేషన్‌కు తారీఖు ఎప్పుడిస్తరు" అని అడగాలె. నేను మొదటిసారి ఇది తెల్వక ఒక ఆఫీసుల గ్రాంటు ఫారం ఇయ్యమని రెండు వారాలు తిరిగిన, అసొంటి ఫారమే లేదు, ఆ మాట కూడా ఎవ్వరూ చెప్పలే.

తర్వాత తేల్చుకోవాల్సింది, అది ఇంటి కుక్కనా గల్లీ కుక్కనా. 2023 మార్చిల వచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ ప్రకారం గల్లీ కుక్కల ఆపరేషన్ స్థానిక సంస్థ పని, పట్నంల బల్దియా, ఊర్లల్ల పంచాయితీ. ఇంట్ల సాదుకునేదానికి టీకాలు, ఆపరేషన్ అన్నీ ఓనర్ బాధ్యతే. కొందరు తెలివి చేసి ఇంటి కుక్కను గల్లీ కుక్క అని పట్టిస్తరు, అట్ల చెయ్యకుండ్రి, దానికి చెవి కోసి గుర్తు పెడతరు, పైగా ఎప్పుడూ గొలుసుతోని ఇంట్ల ఉన్నది వల చూసి ఎంత బెదురుతదో మీరు చూడలే.

గల్లీ కుక్కలకైతే బల్దియాకు కాయితం రాయాలె. ఫోన్ల చెప్తే చెప్పినట్టే ఉంటది గాని పని కాదు. మా డివిజన్ నంబరు, గల్లీ పేరు, ఏ గుడి పక్కన ఏ కిరాణం ముందట, మగయి ఎన్ని ఆడయి ఎన్ని, ఏ రంగు, పొద్దున ఎన్నింటికి అన్నీ ఒక్కదగ్గర ఉంటయో రాసిన, ఫోటోలు జిరాక్స్ తీసి పెట్టిన, కింద పన్నెండు ఇండ్లోళ్ల సంతకాలు పెట్టించిన. ఇచ్చినంక రెండో కాపీ మీద ముద్ర ఏపిచ్చుకోండ్రి, అదే అసలు కాయితం. పదిహేను రోజులైనా ఉలుకు పలుకు లేకుంటే ఆ ముద్ర కాపీ పట్టుకొని సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోవాలె, అప్పటికీ కాకుంటే 10 రూపాయల ఫీజుతోని సమాచార హక్కు కింద "మా డివిజన్ల ఈ ఏడాది ఎన్ని కుక్కలకు చేసిన్రు" అని అడగండ్రి. నాకు ప్రజావాణి దాకనే సరిపోయింది.

కుక్కలను పట్టే బండి వచ్చిన రోజు మీరు ఆడ ఉండాలె, ఇది మాత్రం మర్చిపోవద్దు. మా ఎర్రకుక్క వలను చూసి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కిందికి దూరింది, పట్టేటాయన గంటసేపు చూసి "అక్కా, మీరు పిలిస్తెనే వస్తది, జర పిలువుండ్రి" అన్నడు. బిస్కెట్ చూపిచ్చి నేనే పట్టిచ్చిన, ఆ రోజంతా అన్నం పోలే. పాలిస్తున్న తల్లి ఉంటే ముందే చెప్పి ఆపుండ్రి, కూనలు ఆకలికి సచ్చిపోతయి. ఆపరేషన్ అయినంక కనీసం నాలుగు రోజులు ఆడ పెట్టుకొని, రేబిస్ టీకా ఏసి, పట్టిన చోటనే తెచ్చి ఇడిచిపెట్టాలె. "మళ్ల ఈడికే ఎందుకు తెచ్చిన్రు" అని పక్కింటోళ్లు కొట్లాటకు వస్తరు, మా దగ్గర కూడా వచ్చిన్రు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, రేబిస్ ఉన్నయి, మనుషుల మీద పడి కరిచేటియి తప్ప మిగిలినయి అదే జాగల ఇడవాలె అని. తర్వాత నవంబర్ల స్కూళ్లు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల విషయంల మాత్రం వేరే ఆర్డర్ ఇచ్చింది, ఆడ పట్టినయి మళ్ల ఆడ ఇడవద్దు. ఇంకో మాట, ఒక్క కుక్కకు చేయించి ఊకుంటే లాభం లేదు, ఒక ఏరియాల నూటికి 70కి తక్కువ కాకుండ అయితెనే లెక్క తగ్గుతది, అందుకే పక్క గల్లీని కూడా కలుపుకోండ్రి.

ఇంటి కుక్కకు, పిల్లికి అయితే సర్కారు పశువుల దవాఖాననే తక్కువల అయ్యే దారి. మనకు మామునూరుల పశువైద్య కళాశాల ఉంది, పీవీ నరసింహారావు యూనివర్సిటీది, జగిత్యాల దిక్కు ఉన్నోళ్లకు కోరుట్లల ఇంకోటి ఉంది. కళాశాలల పిల్లలు చేస్తరేమో అని భయపడేటోళ్లు ఉన్నరు, నాకైతే ఆడ ప్రొఫెసర్ పక్కన నిలబడి చేయిస్తరన్నదే ధైర్యం. పోయే ముందు అడగాల్సినయి అడగండ్రి: ఆపరేషన్లు ఏ రోజు చేస్తరు, ఆడదానికి చేసే డాక్టర్ ఉన్నరా, మందులు ఆడనే ఇస్తరా బయట కొనాల్నా. ఆడదానికి కడుపు కోసి గర్భసంచి, అండాశయాలు తీస్తరు, మగదానికి వృషణాలే, అందుకే ఆడదానికి ఖర్చు ఎక్కువ, కోలుకునుడు కూడా లేటు. బయట క్లినిక్‌ల మా ఇంట్ల సాదుకునే బుజ్జికి 6 వేలు అన్నరు, సర్కారుల మందులు, దారం, ఆటో కిరాయి అన్నీ కలిపి 1,400 అయింది.

ఆరు నెలలు నిండినంక చేయించుడు మంచిది, టీకాలు ముందే అయిపోవాలె. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల దినం) నాడు సర్కారు దవాఖానలల్ల రేబిస్ టీకా ఫ్రీగ ఏస్తరు, ఆ రోజే డాక్టర్ను కలిసి ఆపరేషన్ తారీఖు అడిగితే ఒకే ఆటో ఖర్చుల రెండు పనులు అయితయి. ఎదకు వచ్చినప్పుడు చేయించకుండ్రి, రక్తం ఎక్కువ పోతది. ముందు రోజు రాత్రి నుంచి తిండి బంద్, మా అత్తమ్మ "పాపం ఆకలైతది" అని చాటుకు ఇన్ని పాలు పోసింది, పొద్దున డాక్టర్ అడిగితే చెప్పుకోక తప్పలే, ఎనకకు పంపిన్రు, 200 ఆటో దండుగ. మత్తుల కక్కుకుంటే ఊపిరితిత్తులల్లకు పోతది కాబట్టి ఆయన చేసిందే కరెక్టు. పిల్లిని సంచిల తేవద్దు, టమాట ట్రే రెండు ఎదురెదురుగ పెట్టి తాడుతోని కడితే పంజరం లెక్క అయితది.

ఇంటికి తెచ్చినంక కుట్లు నాకకుండ చూసుడే పెద్ద పని. మెడకు ఏసే కాలర్ కొనకుండ్రి, ఇంట్ల పాత ఎక్స్‌రే ఫిలిం ఉంటది కదా, దాన్ని గరాటు లెక్క చుట్టి, అంచులకు దూది పెట్టి ప్లాస్టర్ ఏస్తే అయిపాయె, మా బుజ్జి మా మామ మోకాలి ఎక్స్‌రే ఏసుకొని పదకొండు రోజులు తిరిగింది. నొప్పి అని డోలో అసలే ఇయ్యద్దు, పిల్లికైతే ఒక్క గోలీతోనే పాణం పోతది. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తరు. మగదానికి అయినంక కూడా కొన్ని వారాలు ఆడదాని దగ్గరికి పోనియ్యద్దు, లోపల మిగిలిన వీర్యం ఉంటది.

మీరు నలుగురు కలిసి సంస్థ పెట్టి నిజంగనే గ్రాంటు తెస్తమంటే అది వేరే దారి, పొడుగు దారి. సొసైటీనో ట్రస్టో రిజిస్టర్ కావాలె, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు కావాలె, దాని మీద ఏబీసీ ప్రాజెక్టుకు మళ్ల వేరేగ గుర్తింపు, స్థానిక సంస్థతోని ఒప్పందం, ఆపరేషన్ థియేటర్, కుక్కలను ఉంచే కెన్నెళ్లు, డాక్టర్. ప్రతి కుక్కకు రికార్డు ఉండాలె, తీసిన అవయవాలు కూడా దాచిపెట్టి ఈ పనిని చూసే కమిటీకి లెక్క చూపియ్యాలె, బిల్లులు దాన్ని బట్టే. అంత ఓపిక లేకుంటే కంపెనీల సీఎస్ఆర్ (సమాజ సేవకు కంపెనీలు పెట్టే పైసలు) చూడండ్రి, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ల జంతు సంక్షేమం ఉంది, మన దిక్కు రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి లాంటియి ఉన్నయి, "50 కుక్కలకు ఇంత" అని లెక్కతోని, డాక్టర్ ఒప్పుకోలు కాయితంతోని అడగాలె, ఉత్తగ "సాయం చెయ్యండ్రి" అంటే పక్కన పెడతరు.

ఎట్ల చేసినా కాయితం జూన్, జులైల పడాలె. దసరా ఎల్లినంక పెడితే బండి వచ్చేసరికి సగం కుక్కలు కడుపుతోని ఉంటయి.