సెమిస్టర్ చివరి వరకు మీల్ ప్లాన్ సరిపోవాలంటే ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

మీల్ ప్లాన్ అంటే క్యాంపస్‌లో భోజనాలకు ముందే డబ్బు కట్టి, కార్డు చూపి తినే ఏర్పాటు. ప్లాన్ ఎంచుకునే ముందే దాని నిబంధనలను పూర్తిగా చదవండి. వారానికి ఇన్ని భోజనాలని లెక్కగట్టే ప్లాన్లలో వాడుకోని భోజనాలు చాలాచోట్ల ఆ వారంతోనే రద్దవుతాయి. సెమిస్టర్ మొత్తానికి ఒకేసారి డబ్బు జమచేసే ప్లాన్లలో ఖర్చు అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ.

మొదటి రోజే బ్యాలెన్స్‌ను వారాలతో భాగించండి. సెమిస్టర్ 15 వారాలై, అందులో ఒక వారం సెలవులకు ఇంటికి వెళ్తారనుకుంటే 14తో భాగించాలి. క్యాంపస్‌లో తిన్న 7 వారాలు గడిచేసరికి కార్డులో సగం మిగిలి ఉండాలి. వారానికి వచ్చిన అంకెను కాగితం మీద రాసి చదువుకునే బల్ల ఎదుట అంటించుకుని, ప్రతి ఆదివారం రాత్రి మిగిలిన మొత్తాన్ని దాని కిందే రాస్తూ వస్తే, తేడా మూడో వారంలోనే కంటపడుతుంది, సర్దుకోవడానికి వ్యవధీ ఉంటుంది.

నా ఉద్దేశంలో అసలు జాగ్రత్త తరగతుల మధ్య విరామంలోనే అవసరం. అలవాటుగా కార్డు చూపి కొనే పానీయాలు, చిరుతిళ్లు విడిగా చిన్నవే అయినా నెల తిరిగేసరికి ఎన్నో భోజనాల ఖర్చును మింగేస్తాయి. సంచిలో నీళ్ల సీసా ఉంచుకోండి.

పరీక్షల వారాలకు కొంత విడిగా అట్టేపెట్టండి.

మిగిలిన డబ్బు తర్వాతి సెమిస్టర్‌కు బదిలీ అవుతుందా, ప్లాన్ మార్చుకోవడానికి గడువు ఎప్పుడు అన్నవి ముందే అడగండి. పొదుపు కోసం దయచేసి పస్తులుండవద్దు. డబ్బు చాలదనిపించిన వెంటనే కళాశాలలో విద్యార్థుల సంక్షేమం చూసే అధికారులను కలవండి.